బాపు చదివిన ఉత్తరాలు, పడని ఓట్లు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో చరిత్ర చెప్పి బతుకుతున్నాను. ఆ మధ్య పాఠం కోసం చదువుతుంటే కొన్ని వందల ఏళ్ళ కిందటి ఇంగ్లీషాయన ఒకడు తగిలాడు. అటు పార్లమెంటు సభ్యుడు, ఇటు తపాలా శాఖలో అధికారి. ఆ కాలంలో రాజుగారి కోసం ఆ శాఖవాళ్ళు జనం రాసుకున్న ఉత్తరాలను గుట్టుగా విప్పి చదివి, మళ్ళీ అంటించి పంపేవారట. అయినా ఆయన పార్లమెంటు పదవి చెక్కుచెదరలేదు. అది చదివి నాకు ఒళ్ళు మండింది. మా నాన్న, మా బాపూ పోస్టుమాస్టరే మరి, ఒక్కసారి ఎన్నికల్లో నిలబడి చిత్తుగా ఓడిపోయాడు.

మన్సూరాబాద్ ఇంకా ఊరుగా ఉన్నప్పుడు మా ఇంటి అరుగే పోస్టాఫీసు. చదువు రానివాళ్ళకు బాపే ఉత్తరం చదివి పెట్టేవాడు. మంచి కబురైతే నిలబెట్టే చదివేవాడు. చెడ్డదైతే ముందు "కూసో" అనేవాడు. ఆ మాటకే ఏడుపు అందుకున్నవాళ్ళను చిన్నప్పుడు చూశాను. ఊరంతా మంచోడంటోంది కదా అని, ఉద్యోగం వదిలేసి సర్పంచ్‌గా పోటీ చేశాడు. ఓడాక తానేం తప్పు చేశాడో ఆయనకు అంతుపట్టలేదు. పాతవాళ్ళు ఎదురవుతారని కర్మన్‌ఘాట్ గుడికే వెళ్ళడం మానేశాడు. నాకు బాధగా ఉండేది, కానీ ఎవరినీ అడగలేదు. ఇంగ్లీషాయన పుణ్యమా అని ఇప్పుడు ఆగలేక, మా వెనక సందులో ఉండే ఊరి పాతమనిషి పెద్దమ్మను, బాపు ఎందుకు ఓడాడని అడిగేశాను.

"మీ బాపు బంగారం బిడ్డా," అంది ఆమె. "మా ఆయన బొంబాయికెల్లి, ఇగ నేను రానని రాసిండు. అది మీ బాపు నోటెంటనే ఇన్న. ఎవ్వరికి చెప్పలే. కని ఆయనకైతె ఎర్కనే గద. గసొంటాయన సర్పంచై కుర్సీల కూసుంటె, ఆయన ముంగట తలెత్తుకొని ఎట్ల నిలవడాలె? ఓట్లడగొచ్చి కూడ 'కూసో అక్కా' అన్నడు. నా గుండె జల్లుమన్నది."

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు బాపుకు చెప్పాను, ఇంగ్లీషాయన కథతో సహా.

"ఉత్తరాలు ఇప్పి సదువుతున్నరని గా ఇంగ్లీషాయన ఊరోళ్లకు తెల్సా?" అని అడిగాడు బాపు.

"తెలిసుండదు బాపూ."

"మరెందుకోడిపోతడు?" అని నవ్వాడు. ఎన్నికల మాట వచ్చినప్పుడు ఆయన నవ్వగా చూడటం నాకదే మొదలు.

మంగళవారం గుడికి పోదామని తానే ఆటో పిలవమన్నాడు. గుడి బయట మెట్ల మీద పెద్దమ్మ మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఉంది. "మంచిగున్నవా అక్కా," అని బాపు నిలబడే అడిగాడు. ఏం చేయాలో తెలియక చెప్పుల వైపు చూస్తున్నాడు. ఆమె కాస్త పక్కకు జరిగింది.

"కూసో తమ్మీ," అంది.

బాపు కూర్చున్నాడు.