బాపట్ల పాటలో దగ్గు

“గొంతు జాగ్రత్తండీ.”

“నా గొంతుకేం, నీ గొంతు కన్నా నయమే. తలుపేసుకో.”

మా ఆయనా నేనూ ఆఖరుసారి అనుకున్న మాటలివి. ఆ సాయంత్రం రేపల్లెలో ఎవరిదో బ్యాండులో ఒక పాట పాడి, కుర్చీలో కూర్చుని, మళ్లీ లేవలేదు. ఆయన అలా వేరేవాళ్ల బ్యాండుల్లో పాడిన పాటలన్నీ ఆయన బ్యాండు కుర్రాళ్లు ఇప్పుడు ఒకచోట చేరుస్తున్నారు. మొన్న బాపట్ల బ్యాండు వాళ్లు ఫోన్ చేసి, “అక్కా, కాలేజీ పండగలో రికార్డు చేసిన మా పాటలో అన్న దగ్గు పడిందండి, తీసేసి శుభ్రం చేస్తామండి” అన్నారు. ఆగమన్నాను. ముందు ఆ దగ్గు సంగతి వినండి. నాకు సంతకం దాటి చదువు రాదు కాబట్టి మా ఆడపడుచు కూతురు రాస్తోంది.

ఆ రోజుల్లో నాకు పాటంటే కుదురుగా కూర్చుని పాడేదే. మా ఆయన తెనాలిలో బట్టల కొట్లో “అక్కా, ఈ అంచు చూడండి” అంటూ దూది లాంటి గొంతుతో చీరలు పరిచే మనిషి. సాయంత్రమైతే హెవీ మెటల్ గాయకుడు. పెళ్లయిన కొత్తలో పెరట్లో నిలబడి ఒక్క గర్జన గర్జిస్తే పక్కింటి పిన్నిగారు వేపమండ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది (పట్టింది దయ్యమేనని ఆవిడ పోయేదాకా నమ్మింది). తన బ్యాండు తనకుండగా ఇంకో బ్యాండు పాటలో గొంతు కలిపి రావడం వాళ్లలో మర్యాదట. పెళ్లింట్లో వంటంతా ఒకరిదైనా, పులిహోర మాత్రం ఫలానా పిన్ని వచ్చి కలిపి వెళ్లినట్టు. ఆయనకు అలాంటి మొదటి పిలుపు బాపట్ల కాలేజీ పండగకు వచ్చింది. “రేపల్లె వాళ్లూ వినడానికి వస్తున్నారు. ఇది చెడిందంటే తెనాలి దాటి నన్నెవరూ పిలవరు” అన్నారు రైల్లో.

ఆయన స్టేజీ ఎక్కగానే కుర్రాళ్లంతా రెండేసి వేళ్లు కొమ్ముల్లా నిలబెట్టి ఆయన వైపు చూపించడం మొదలుపెట్టారు. అది మెచ్చుకోలని నాకెవరు చెప్పారు? అంతమంది కళ్లూ, అన్ని వేళ్లూ! పాటకీ పాటకీ మధ్య గబగబా స్టేజీ ఎక్కి, కొంగున కట్టుకొచ్చిన ఉప్పూ ఎండుమిరపకాయలూ ఆయన చుట్టూ తిప్పి, దిగొచ్చి, పక్కనే మొక్కజొన్న పొత్తులు కాల్చే బండి నిప్పుల్లో వేసేశాను. ఆయన పాట అందుకోగానే సముద్రం గాలి ఆ పొగనంతా తీసుకెళ్లి స్టేజీ మీద పోసింది. మా ఆయన దగ్గు, గిటారబ్బాయి దగ్గు, ముందు వరసలో కుర్రాళ్లు వంగి వంగి దగ్గు. వెనకవాళ్లు పాట పద్ధతే ఇదనుకుని వాళ్లూ తలలు వంచి ఊపారు.

తిరుగు రైల్లో చుండూరు దాకా ఆయన చేతిరుమాలుతో కళ్లు తుడుచుకుంటూనే ఉన్నారు. ఇక తెనాలే గతి అనుకుని నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. అప్పుడడిగారు:

“మిరపకాయలు అంత ఘాటొచ్చాయంటే నాకు దిష్టి తగల్లేదనేగా?”

“అవునండీ. తగిలుంటే ఘాటు రాదుగా.”

“అంతమంది చూస్తే ఒక్కడి కన్నూ పడలేదా? అంత దరిద్రంగా పాడానంటావా?”

పెట్టె పెట్టెంతా తిరిగి చూసేలా నవ్వాం. వారం తిరక్కుండా రేపల్లె వాళ్లు వచ్చి, “అన్నా, మా పాటలోనూ ఆ దగ్గు కావాలండి” అన్నారు. పాపం, మా ఆయన పొగ లేకుండా దగ్గలేక ఎన్ని అవస్థలు పడ్డారో!

బాపట్ల అబ్బాయిలూ, ఆ పాట నిదానంగా వినండి. దగ్గు మధ్యలో, “ఓసేయ్, నిప్పుల్లో ఏం వేశావే!” అంటారు. మిగతా పాటలన్నిటిలోనూ ఉన్నది మీ గాయకుడు. అక్కడొక్కచోటే మా ఇంటాయన ఉన్నారు. తీయకండి, మీకు పుణ్యముంటుంది. దిష్టి తీసిన ఆ పిచ్చిపిల్ల కూడా అక్కడే ఎక్కడో నిలబడి ఉంటుంది, కొంగులో మిరపగింజలతో.

రాశావా అమ్మాయీ? ముక్కు తర్వాత తుడుచుకుందువుగాని. ఏదీ, మొదట్నుంచి ఒకసారి చదివి వినిపించు.