నా బ్యాగు కూర్చుని వెళ్ళిన బస్సు

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న ఆ రోజుల్లో బందు కూడా ఎంతో మర్యాదగా ముందురోజు సాయంత్రమే టీవీలో చెప్పి మరీ వచ్చేది. మా సిటీ బస్సుకు మాత్రం ఆ పాటి మర్యాద కూడా ఉండేది కాదు. వస్తే మూడు ఒకదాని తోక పట్టుకుని ఒకటి వచ్చేవి, లేదంటే గంటసేపు ఒక్కటీ కనిపించేది కాదు. నేనప్పుడు హైటెక్ సిటీ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మూడో ఏడాది చదువుతున్నాను. ఇల్లు చందానగర్‌లో. బస్సు మా వీధి చివరే ఆగేది కానీ అక్కడికి వచ్చేసరికి లోపల కాలు పెట్టే సందు ఉండేది కాదు. అందుకని రోజూ పొద్దున్నే షేర్ ఆటోలో వెనక్కి లింగంపల్లి దాకా వెళ్ళి, బస్సు బయలుదేరే చోటే ఎక్కి, మళ్ళీ మా ఇంటి ముందు నుంచే కాలేజీకి పోయేదాన్ని. కర్నూలు వదిలి పదేళ్ళయినా యాస వదలని మా నాన్న, "ముందుకు పోవల్సిన మనిషి వెనక్కి పోతాదంట, ఇదేం సదువో" అని నవ్వేవాడు.

నాకు ఇరవై ఏళ్ళు. లోకంలో మర్యాద తెలిసిన వాళ్ళు బహు తక్కువనీ, ఆ తక్కువమందిలో మొదటిదాన్ని నేనేననీ గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి మా బస్సు రోజుకు రెండుసార్లు మేత వేసేది. ఆడవాళ్ళ సీట్లో కూర్చున్న మగమహారాజుకు ఆడమనిషి దగ్గరికి రాగానే ఎక్కడలేని నిద్ర ముంచుకొచ్చేది. ఫోన్లో పాటలు పెట్టుకున్న కుర్రాడు ఆ పాట బస్సులో డ్రైవరుకు కూడా వినపడితేనే గానీ తృప్తి పడేవాడు కాదు. వీపున లాప్‌టాప్ సంచి మోసే ఐటీ ఉద్యోగులు పక్కకు తిరిగితే వెనకవాళ్ళకు చెంప పగిలేది, తిరిగి చూసి "సారీ" అనబోతే ఇటువైపు వాళ్ళకు రెండో చెంప. వీళ్ళందరికీ నేను బుద్ధి చెప్పేదాన్ని. (ఒక్కరికీ బుద్ధి వచ్చినట్టు ఆధారాల్లేవు.)

అన్నిటికన్నా నా ఒళ్ళు మండించేది ఖర్చీఫు. బస్సు ఇంకా బస్టాండులోకి మలుపు తిరుగుతుండగానే జనం కిటికీల వెంట పరుగెత్తి, లోపలికి చేయి పెట్టి సీట్ల మీద ఖర్చీఫో చున్నీయో పేపరో టిఫిన్ డబ్బానో, ఏది చేతిలో ఉంటే అది వేసేవాళ్ళు. తర్వాత తీరిగ్గా తలుపు దగ్గరికి వచ్చి ఎక్కేవాళ్ళు. గుడ్డ పడిన సీట్లో ఇంకెవరూ కూర్చునేవాళ్ళు కాదు. (రిజిస్ట్రేషన్ అయిన ప్లాటునే కబ్జా పెట్టే ఈ ఊళ్ళో, జేబురుమాలు హక్కును మాత్రం ఎవరూ కాదనకపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.) ఈ విద్యలో ఆరితేరిన మనిషి ఒకామె. పాలమూరు వైపు నుంచి వచ్చి, హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడలో హౌస్‌కీపింగ్ పని చేసేది. నలభై ఏళ్ళుంటాయి. నేను ఆమెకు మనసులో ఖర్చీఫక్క అని పేరు పెట్టుకున్నాను. ఆమె తనకొకటి, చందానగర్‌లో ఎక్కే తన తోటి పనామెకొకటి, రోజూ రెండు సీట్లు ఆపేది.

ఒకరోజు సరిగ్గా ఆ రెండో సీటు పక్కనే నిలబడాల్సి వచ్చింది. బస్సు నిండిపోయింది, నా ఎదురుగా మాత్రం పూల అంచు ఖర్చీఫు ఒకటి హాయిగా కూర్చుని ఉంది. ఇది పబ్లిక్ బస్సు అనీ, టికెట్ ఉన్న మనుషులకే సీటు గానీ గుడ్డలకు కాదనీ, మనిషన్నాక కాస్త సివిక్ సెన్స్ ఉండాలనీ బస్సంతా వినేలా ఉపన్యాసం ఇచ్చాను. (నాది స్టూడెంట్ పాసు. ఆ సంగతి ప్రస్తావించలేదు.) ఖర్చీఫక్క గొంతు పెంచలేదు.

"మనిషి వస్తది బిడ్డా. చందానగర్ల ఎక్కుతది. ఆమెకు మోకాళ్ళు నొస్తయి, జర సమజ్ చేసుకో."

నేను ఆ ఖర్చీఫును రెండు వేళ్ళతో ఎత్తి ఆమె ఒళ్ళో పెట్టి కూర్చున్నాను. చందానగర్‌లో ఆ రెండో ఆమె ఎక్కింది, సీటు వైపు చూసింది, కడ్డీ పట్టుకుని చివరిదాకా నిలబడింది. నేను సంఘాన్ని సంస్కరించిన ఆనందంతో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆనాటి నుంచి ఖర్చీఫక్క నన్ను చూస్తే మొహం అటు తిప్పుకునేది. అదీ నా విజయమే అనుకున్నాను.

ఇక ఆ రోజు సంగతి. పదింటికి మైక్రోప్రాసెసర్ ప్రాక్టికల్ పరీక్ష. తొమ్మిది నుంచి రాస్తారోకో అని ముందురోజే చెప్పారు. బందయితే పరీక్షలు వాయిదా పడేవి. (ఆ రెండేళ్ళలో మేం పుస్తకాలకన్నా టీవీలో అడుగున పరుగెత్తే అక్షరాలే ఎక్కువ శ్రద్ధగా చదివాం.) ఉత్త రాస్తారోకోకు మా ప్రిన్సిపాల్ లొంగలేదు. పైగా బయటి ఎగ్జామినర్ ముందురోజే వచ్చి కాలేజీలో దిగిపోయాడు. సంతకాలన్నీ ఉన్న రికార్డు చూపిస్తేనే ల్యాబులోకి రానిస్తారు. రికార్డు లేకపోతే ప్రాక్టికల్ పోయినట్టే, మళ్ళీ ఏడాది తర్వాతే.

ఎనిమిదిన్నరకు బస్సు బస్టాండులోకి తిరిగింది. దారి మూసేలోపు దాటాలని ఊరంతా ఆ ఒక్క బస్సు కోసమే ఉన్నట్టుంది. కూర్చుంటే వైవా ప్రశ్నలు ఒకసారి చూసుకోవచ్చు, నిలబడితే రికార్డు తెరవడం కూడా కుదరదు. నా సివిక్ సెన్స్ అంతవరకే వచ్చింది. అందరితోపాటు నేనూ కిటికీల వెంట పరుగెత్తాను. అయితే అనుభవం లేని దొంగ కదా, ఖర్చీఫు వేస్తే నాలాంటి దౌర్భాగ్యురాలు ఎవరైనా తీసి పారేస్తుందని భయపడి, తీయడానికి వీల్లేనంత బరువున్నది వేద్దామని, డ్రైవరు వెనకాల సీట్లోకి ఏకంగా నా బ్యాగే తోసేశాను. రికార్డు, హాల్ టికెట్టు, ఫోను అన్నీ అందులోనే. తలుపు బస్సుకు అటువైపు. నేను ముందు నుంచి చుట్టు తిరిగి వచ్చేసరికి డ్రైవరు, రోడ్డు మూసేస్తున్నారని ఎవరో చెబితే, ఆపినట్టే ఆపి లాగించేశాడు. నా బ్యాగు కిటికీ పక్కన కూర్చుని కాలేజీకి వెళ్ళిపోయింది. నేను పర్సొకటి పట్టుకుని బస్టాండులో నిలబడ్డాను.

దొరికిన ఆటో ఎక్కితే మియాపూర్ దగ్గర ఆగిపోయింది. ఉద్యమకారులు రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి వంట మొదలుపెట్టారు. ఎవరైనా అడిగితే నోరు విప్పొద్దు, మన యాస పట్టిస్తాదని నాన్న రోజూ చెప్పి పంపేవాడు. నేను దిగి, గరిటె పట్టుకున్న ఒక పెద్దాయన దగ్గరికి పోయి, ఏడుస్తూ, బ్యాగు బస్సులో పోయినాదనీ, పరీక్ష ఉండాదనీ అచ్చమైన కర్నూలులో చెప్పేశాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"పరీక్షకు పోయే పిల్లను ఆపితే మనకేమొస్తదిరా. ఆటోను ఇడువుండ్రి" అన్నాడు. నాకింకా ఏడుపు ఎక్కువైంది.

కాలేజీ చేరేసరికి పదీ అయిదు. బ్యాగు ఏ డిపోకు పోయిందో, ఎవరి పాలైందో, ఏడాది పోయినట్టేనని అనుకుంటూ గేటు దగ్గర దిగితే, ఎదురుగా ఖర్చీఫక్క. నా బ్యాగును పొట్టకు హత్తుకుని ఎండలో నిలబడి ఉంది. ఆమె దిగాల్సింది ఆ తర్వాతి స్టాపులో, డ్యూటీ తొమ్మిదిన్నరకు.

"ఉరుకు బిడ్డా" అంది. నేను బ్యాగు లాక్కుని ఉరికాను. థాంక్స్ అన్న ముక్క కూడా అనలేదు. పరీక్ష అయి బయటికొచ్చాక వాచ్‌మన్ చెప్పాడు, బ్యాగు తన దగ్గర పెట్టి పొమ్మంటే ఆమె వినలేదట, మనిషి వస్తది అంటూ అక్కడే నిలబడిందట. ఆ మాట విన్నాక నాకు అన్నం సహించలేదు.

ఆ వెంటనే సమ్మె వచ్చి కొన్ని వారాలు బస్సులే తిరగలేదు. ఆ కొన్ని వారాల్లో ఖర్చీఫక్క నా మనసులో దేవత అయిపోయింది. నా తప్పును క్షమించింది, కన్నకూతురిలా చూసింది, మంచితనంతో నాకు బుద్ధి చెప్పింది. నేను చెప్పబోయే కృతజ్ఞతలు రోజూ అద్దం ముందు సాధన చేశాను. బస్సులు మొదలైన రోజున లింగంపల్లిలో ఎక్కి ఆమె సీటు పక్కనే నిలబడి కన్నీళ్ళతో సహా అప్పజెప్పాను. ఆమె వింతగా చూసింది.

"నీ మీద ప్రేమతోటి ఆపలే బిడ్డా. నువ్వు కిటికీలకెల్లి బ్యాగు ఏసుడు చూసిన, రోజూ ఏడ దిగుతవో ఎరుకే. చందానగర్ల మెడల ఆఫీసు కార్డేసుకున్న ఒక మేడం ఎక్కింది. బ్యాగు తీసి కూసుంటనన్నది. ఇది పబ్లిక్ బస్సు, టికెటున్న మనుషులకే సీటు అని లొల్లి. అచ్చం నీ లెక్కనే మాట్లాడింది. నాకు మండింది. సచ్చినా ఇయ్యనన్న."

"మరి గేటు దగ్గర అంతసేపు ఎందుకు నిలబడ్డారక్కా?"

"మనిషి వస్తదని బస్సంతటికి చెప్పిన. నువ్వు రాకపోతే నా మాట అబద్ధం గాదా?"

సూపర్‌వైజర్ ఏమన్నాడని అడిగితే, తిట్టిండు, రోజూ తిడతడు అంది. తర్వాత ఖర్చీఫు తీసి నన్ను కూర్చోమంది. చందానగర్‌లో ఆ మోకాళ్ళ నొప్పులామె ఎక్కగానే నేను లేచాను. ఎవరైనా మెచ్చుకుంటారేమోనని ఒక్క క్షణం ఆగి చూశాను కూడా. ఆమె కూర్చుని బయటికి చూడసాగింది. థాంక్స్ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి, అది ఆమె సీటే.

ఇప్పుడు నా మెడలోనూ కార్డుంది, నన్నూ మేడం అంటారు. అప్పుడు మా బస్సు తిరిగిన కొండాపూర్ రోడ్డు మీదే కారులో ఇరుక్కుని, అడ్డం వచ్చిన వాళ్ళకు సివిక్ సెన్స్ నేర్పుదామని అద్దం దించుతాను. దించగానే ఆ ఇరవై ఏళ్ళ పిల్ల గొంతు నాలోంచి వస్తుంది, నవ్వొచ్చి అద్దం ఎక్కిస్తాను. ప్రతిసారీ అని చెప్పను గానీ, అప్పుడప్పుడు. ఆ పిల్లకు అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనిపిస్తుంది. చెబితే వినే రకం కాదు పాపం.