ఊరికే కూర్చునే పాఠం

భూమికి తన చుట్టూ తాను తిరగడానికి రోజంతా పడుతుందట. ఆ పని మా అమ్మమ్మకు అప్పగించి ఉంటే మధ్యాహ్నం భోజనాల గంటకల్లా ముగించేసి, మిగిలిన పూట భూమికి చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్పించేది. నేను పదో తరగతి గుమ్మం దగ్గరే ఆగిపోయినదాన్ని కాబట్టి సైన్సులో తప్పులుంటే ఉండొచ్చు. అమ్మమ్మ విషయంలో మాత్రం లేవు.

అమ్మమ్మ ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడిలో టీచరు. ఆమె గదిలో కొందరికి మాటలు రావు, కొందరికి చేతులు స్వాధీనంలో ఉండవు, కొందరు కుర్చీ జరిపిన చప్పుడుకే చెవులు మూసుకుంటారు. అలాంటి గదిలో సగం పూట చెప్పులు విప్పడానికీ, సంచులు తగిలించడానికీ, వంతు వచ్చేదాకా గోడకేసి చూడడానికీ పోతుంది. అమ్మమ్మకు అది గిట్టేది కాదు. "దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. ఈ పిల్లలు నా దగ్గరుండేదే కాస్త సేపు" అని అన్నిటినీ పాఠాలుగా మార్చేసింది. చెప్పులు విప్పితే కుడి ఎడమల పాఠం. కుళాయి దగ్గర వరసలో నిలబడితే వేళ్ళ పేర్ల పాఠం. ఒక పని ముగిసేలోపే తర్వాతి పని ట్రేలో సిద్ధం. ఎవరి ట్రే మీద వాళ్ళ ఫోటో. ఆ గదిలో ఖాళీగా ఉండేది చెత్తబుట్ట ఒక్కటే, అదీ ఆయా ఊడ్చిన కాసేపే.

ఇంట్లోనూ అంతే. టీవీ ముందు కూర్చుంటే ఒళ్ళో ఉల్లిపాయలు పోసి కత్తి ఇచ్చేది. తాత ఆమెను "అలారం" అనేవాడు, ఆమెకు వినపడేలాగే.

ఆ గదిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. కుదురుగా ఉండడని వాళ్ళ నాన్న ముద్దుగా బొంగరం అని పిలిచేవాడు. మాటలు రావు. అమ్మమ్మ గదిలో మాత్రం అంత బుద్ధిమంతుడు లేడు. చేతిలో పని ఉన్నంతసేపూ వాడికి లోకంతో తగువు లేదు.

ఒకరోజు వాళ్ళమ్మ బడికి వచ్చింది. బొంగరం బుగ్గ వాచి ఉంది. పన్ను పుచ్చిపోయింది. పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే వంతు వచ్చేలోపే వాడు బల్ల మీద పుస్తకాలన్నీ విసిరేసి, ఆపబోయిన కాంపౌండరును కరిచి వచ్చాడు.

"పంటి నొప్పి వీడిది, కట్టు కట్టించుకున్నది ఆయన!" అంది ఆమె, నవ్వో ఏడుపో తెలియకుండా. "కుదురుగా కూర్చోకపోతే పెద్దాసుపత్రిలో పూర్తిగా మత్తిచ్చి తీయాలంటున్నారు టీచరమ్మా. వీడికి మూర్ఛలు వస్తాయి కదా, మత్తంటే నాకు గుండె జారిపోతోంది. వాపు తగ్గడానికి మందులిచ్చి, తగ్గాక ఇంకోసారి చూద్దామన్నారు."

"నా దగ్గర వాడు ఒక్కరోజు కూడా అల్లరి చేయలేదమ్మా" అంది అమ్మమ్మ.

"మీరు వాణ్ణి ఒక్క క్షణమైనా ఊరికే కూర్చోబెట్టారా టీచరమ్మా?"

ఆ సాయంత్రం అమ్మమ్మ ఎవరి ఒళ్ళోనూ ఉల్లిపాయలు కూడా పోయలేదు.

"ఏంటి, అలారం ఆగిపోయింది?" అన్నాడు తాత.

"ఆపాలి. ఎలాగో తెలీట్లేదు" అంది.

మర్నాడు డాక్టరు దగ్గర ఉన్నట్టే గోడ వారగా కుర్చీలు వేసి, పిల్లలందరినీ బొంగరంతో పాటు కూర్చోబెట్టింది. కూర్చున్న మనిషి బొమ్మ ఉన్న అట్టముక్క ఒకటి చేసింది. ఆ అట్ట చేతిలో ఉన్నంతసేపూ కూర్చోవాలి. పిలిచినప్పుడు అట్ట ఇచ్చేసి చెక్కదిమ్మలు తీసుకోవచ్చు. మొదట కాస్సేపే, ఇలా కూర్చుని అలా లేవడం. తర్వాత కొంచెం కొంచెంగా సాగదీయాలి.

బొంగరం నయం. అమ్మమ్మతోనే చిక్కొచ్చింది. పిల్లవాడి చేతులు ఊరికే ఉంటే ఆమెకు ఒంట్లో జెర్రులు పాకినట్టుండేది. రెండో రోజే, ఎవరూ చూడటం లేదనుకుని, వాడి ఒళ్ళో పూసల గిన్నె పెట్టింది. ఆయా వచ్చి గిన్నె లాక్కుంది.

"ఇలాగైతే వాడు నేర్చుకున్నట్టే టీచరమ్మా! డాక్టరు దగ్గర పూసలిస్తారా?"

"గుచ్చుకుంటూ కూర్చుంటాడు కదే..."

"అయితే మీరూ కూర్చోండి." ఆయా ఆమెను వాడి పక్క కుర్చీలో కూర్చోబెట్టింది.

హెడ్‌మాస్టరు గుమ్మంలోకి వచ్చేసరికి ఇదీ దృశ్యం. టీచరు చేతులు కట్టుకుని, పిల్లలు వరసగా, ఎవరూ ఏమీ చేయకుండా.

"ఏంటి మేడమ్, టైమంతా ఇలా పోతోంది?"

"పాఠం నడుస్తోంది సార్."

"ఏ పాఠం?"

"ఊరికే కూర్చునే పాఠం."

ఆమె సంగతంతా చెప్పింది. ఆయన గుమ్మం దాటి లోపలికి వచ్చి, "మరి డాక్టరు దగ్గర అందరూ వీడికి తెలిసినవాళ్ళే ఉండరుగా? మూలిగేవాళ్ళూ ఉంటారు" అన్నాడు. దవడ పట్టుకుని, బొంగరం ఎదురుగా కూర్చుని, అమ్మో అయ్యో అని మొదలుపెట్టాడు. పక్క క్లాసు టీచరు పరుగెత్తుకొచ్చింది. బొంగరం లేచి, ఆయన ముఖంలోకి తేరిపార చూసి, మళ్ళీ కూర్చున్నాడు. ఆ వారమంతా ఆయనకు పంటి నొప్పే.

వాపు తగ్గింది. నేనే అమ్మమ్మను స్కూటీ మీద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. బొంగరం, వాళ్ళమ్మ అప్పటికే వచ్చి ఉన్నారు. చేతికి కట్టున్న కాంపౌండరు దూరంగా, తలుపు చాటున నిలబడ్డాడు. బొంగరం చేతిలో అట్ట. తర్వాత వంతు వాడిదే. అంతలో ఎవరో పెద్దాయన నోట్లో గుడ్డ కుక్కుకుని రక్తంతో వచ్చాడు. ఆయన్ని ముందు లోపలికి పంపారు.

బొంగరం లేచాడు. కాంపౌండరు తలుపు ఇంకాస్త దగ్గరికి వేసుకున్నాడు. బొంగరం గొంతులోనే ఏదో కూనిరాగం తీసి, అట్టలోని మనిషిని వేలితో తడిమి, కూర్చున్నాడు. ఆ తర్వాత నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నాడు. అమ్మమ్మే రెండుసార్లు లేచి వెళ్ళి "ఇంకా ఎంతసేపు?" అని అడిగొచ్చింది.

లోపల చిగురుకు వేసిన సూదికి అరిచాడు. సూదికి ఎవరైనా అరుస్తారు. కానీ కుర్చీ దిగలేదు. పూర్తి మత్తూ లేదు, పెద్దాసుపత్రీ లేదు. వాళ్ళమ్మ దూదిలో చుట్టిన పన్ను పట్టుకుని బయటికి వచ్చి, అమ్మమ్మ పక్కన కూలబడింది.

తిరిగొచ్చేటప్పుడు నేను ఊరుకోలేకపోయాను. "అయితే అమ్మమ్మా, ఊరికే కూర్చోవడం నేర్పినందుకా నీకు జీతం?"

వెనక సీటు మీంచి జవాబొచ్చింది. "నీకది పుట్టుకతోనే వచ్చిందే. అందుకే అదెంత కష్టమో తెలీదు. ముందు రోడ్డు చూసి నడుపు."