మా మరిది కట్టిన చెక్క లారీ

మా మరిది పోయాడన్న కబురు రేడియో షాపాయన తెచ్చాడు. "పిన్నిగారూ, ఒక్కసారి షాపు దాకా రండి" అన్నాడు గానీ పోయాడని అనలేదు. ఆ మనిషి కాళ్ళకి చెప్పులు లేవు. అది చూశాక నాకింక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. చింతపండు పిసుకుతున్న చేతులతోనే వెళ్ళాను. షాపు ముందు బెంచీ మీద మా మరిది గోడకి చేరగిలబడి, ఎవరో చెబుతున్న మాట వింటున్నట్టు తల ఒక పక్కకి వాల్చి ఉన్నాడు. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, అలాగే వాలిపోయాడట. డాక్టరు గుండె అన్నాడు.

అందరూ సుఖమైన చావన్నారు. నా మనసు మాత్రం ఒప్పుకోవడం లేదు. మా మరిది లారీ డ్రైవరు. అతను స్టీరింగు పట్టిన నాటి నుంచీ నేను ఈ కబురు కోసమే భయపడుతూ వచ్చాను. మద్రాసు వెళితే నెల్లూరు దగ్గర భయపడ్డాను, కలకత్తా వెళితే తుని దగ్గర భయపడ్డాను. వాన పడితే భయం, పడకపోతే టైరు వేడెక్కి పేలుతుందేమోనని భయం. మా పటమట వీధి చివర బెంచీ ఉంది చూడండి, దాని గురించి భయపడాలని మాత్రం తోచలేదు.

నాకు చదువు అంతంతమాత్రం. మరిది గురించి నాలుగు ముక్కలు రాసిపెట్టాలనిపించింది, రాస్తున్నాను. నేను కాపురానికి వచ్చేసరికి అతనికి తల్లి లేదు. ముక్కు తుడిచిందీ, అన్నం పెట్టిందీ నేనే. తర్వాత మా ఆయన పోయారు. మరిది పెళ్ళి చేసుకోలేదు. అడిగితే, "నీ ఒక్కదాని బెంగే మొయ్యలేకపోతన్నా, ఇంకోదాన్నెక్కడ మొయ్యను వదినా" అనేవాడు. వీధిలో నడిచేటప్పుడు కూడా మా సందులోకి తిరగబోయే ముందు కుడిచెయ్యి బయటికి చాపేవాడు, లారీలో చాపినట్టు. వెనక సైకిలు మీద వచ్చేవాళ్ళు నవ్వేవాళ్ళు. "నవ్వనీ వదినా, గుద్దకుండా నవ్వుతున్నారుగా" అనేవాడు.

అలాంటి మనిషికి మూర్ఛ వచ్చింది. మైలవరం దారిలో వస్తుంటే స్టీరింగు మీదే వచ్చింది. కళ్ళు తెరిచేసరికి బండి రోడ్డు దిగి, ఎవరో ఆరబోసుకున్న మిరపకాయల మీంచి వెళ్ళి, మామిడిచెట్టుకి ఆనుకుని ఉందట. మిరపకాయలకి కాపలా కూర్చున్న ఆవిడ అప్పుడే మంచినీళ్ళకని లేచి వెళ్ళింది. "ఆవిడ దాహమే ఆవిణ్ణి కాపాడింది వదినా" అని మాటిమాటికీ అనేవాడు. అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపి అనేవాడు. బ్రేకు పట్టలేదని యజమానికి చెప్పి ఊరుకున్నాడు. పెద్దాసుపత్రిలో చూపిస్తే, గోళీలు రాసి, ఇంక జన్మలో స్టీరింగు ముట్టుకోవద్దన్నారు.

ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. యజమాని అడిగితే నడుము నొప్పి అన్నాడు. ఆ యజమాని మంచివాడే, అదే మా ప్రాణం మీదికొచ్చింది. వారానికోసారి ఇంటికొచ్చి, "ఏవయ్యా, నడుం ఎట్లా ఉంది? నీ సీటు నీకే అట్టిపెట్టా" అని పోయేవాడు. ఆయన వెళ్ళాక మా మరిది వీధిలోకి చూస్తూ కూర్చునేవాడు. రెండు నెలలు బాగుంటే చాలు, మళ్ళీ ఎక్కేస్తాడని నాకు తెలుసు. అందుకని రోజూ పోరేదాన్ని.

"చెప్పెయ్యి అబ్బాయ్. ఆయనకి నిజం చెప్పేస్తే ఇంక ఆశ ఉండదు."

"ఆశ పోయాక నేనెవర్ని వదినా? డ్రైవరు కాకపోతే నన్నేమని పిలుస్తారు?"

గోళీ, మంచినీళ్ళూ తెచ్చి అతని ముందు పెట్టాను.

చెక్క లారీ ఆ రోజుల్లో మొదలయింది. రేడియో షాపాయన బావమరిది ఓడలో పనిచేస్తాడు. సింగపూరు నుంచి బొమ్మ కారొకటి తెచ్చాడు. దానికి వైరు ఉండదు. చేతిలో చిన్న పెట్టె, పెట్టెకి రేడియోకి ఉన్నట్టు ఏరియల్ పుల్ల, ఒక మీట. ఇక్కడ మీట నొక్కితే అక్కడ కారు కదులుతుంది. రేకంతా సొట్టబోయి షాపులో పడి ఉంటే మా మరిది దాన్ని ఇంటికి తెచ్చాడు. "దీని పేగులు తీసి నా బండిలో పెడతా" అన్నాడు.

నాకు భయం పట్టుకుంది. అసలే ఎమర్జెన్సీ, ఎవర్ని ఎందుకు పట్టుకుపోతున్నారో తెలియని రోజులు. రేడియో పెట్టుకోవడానికే లైసెన్సు కట్టాలి. వైర్‌లెస్ అంటే పోలీసులు ఊరుకుంటారా? అంతకంటే పెద్ద భయం ఇంకోటి. రేడియో షాపాయన్ని పక్కకి పిలిచి అడిగాను. "నాయనా, ఆ గాల్లో పోయే కరెంటు మా మరిది తలకి తగిలితే ఏమన్నా అవుతుందా?"

"ఏమవుద్దండీ పిన్నిగారూ? దోమ కుట్టినంత కూడా ఉండదు."

"దోమ కుడితేనే గదా జ్వరాలొచ్చేది?"

ఆయన నవ్వాడు. మా మరిది నవ్వలేదు, నేను దేని గురించి అడుగుతున్నానో అతనికి తెలుసు.

తను నడిపిన లారీని నా బట్టలు కుట్టే టేపుతో కొలిచి వచ్చాడు. అడుక్కి అర అంగుళం చొప్పున లెక్క. బస్సెక్కి కొండపల్లి వెళ్ళి ఒక బొమ్మలాయనకి చెప్పాడు. ఆ తెల్లపొణికి చెక్క దూదిలా తేలిక. ఆయన ముందుభాగం చెక్కిచ్చాడు గానీ, లోపల తలపాగా, బుర్రమీసాలతో డ్రైవరు బొమ్మనొకదాన్ని కూర్చోబెట్టాడు. నాకు ముచ్చటేసింది. మా మరిది దాన్ని ఊడబెరికి నా చేతిలో పెట్టాడు.

"ఎందుకు తీశావయ్యా, అందంగా ఉంటే?"

"సీటు ఖాళీ లేదని చెప్పు వాడికి."

పాత హవాయి చెప్పులు గుండ్రంగా కోసి టైర్లు చేశాడు. పాడైన గడియారం స్ప్రింగు ముక్కలు చేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, నిజం లారీకి ఉన్నట్టే కట్టలు కట్టాడు. వెనక నంబరు బోర్డు కూడా రాశాడు. తీరా నడిపితే, చెక్క తేలిక కదా, అరుగు పగుళ్ళ మీద కప్పలా ఎగిరింది. "ఖాళీ బండిని నమ్మకూడదు వదినా, బరువున్న బండే దారిన పోద్ది" అని, బందరు నుంచి చేపలు తెచ్చే ఆవిడని అడిగి వలలకి కట్టే సీసపు గుండ్లు తెప్పించి, అడుగున బిగించాడు. అప్పుడు నేలని పట్టుకుంది.

ఆ రోజుల్లో అతని మొహం చూస్తే నాకు కొంచెం ప్రాణం కుదుటపడేది. యజమాని వచ్చినా చేతిలో ఆకురాయి కింద పెట్టకుండానే మాట్లాడేవాడు.

లారీ అన్నాక మొదటిసారి బయటికి తీసేటప్పుడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాలి గదా. ఎంత యజమానయినా, ఎంత కొత్త బండయినా మా వైపు ఆ పని చెయ్యకుండా రోడ్డెక్కరు. శుక్రవారం పొద్దున చెక్క లారీకి పసుపు, కుంకుమ పెట్టి, దండ వేసి, నాలుగు నిమ్మకాయలు తెచ్చి నాలుగు చక్రాల కింద పెట్టాడు. వీధిలోవాళ్ళంతా వచ్చారు. చక్రం చూస్తే నిమ్మకాయంతే ఉంది. రేడియో షాపాయన, "అన్నయ్యా, కోసి పెడితే పోలా?" అన్నాడు.

"ఏ లారీకన్నా కోసి పెట్టారటయ్యా?" అని మీట నొక్కాడు.

బండి ముందుకి పోలేదు. మూలిగింది. మళ్ళీ నొక్కాడు. లోపల ఏదో పటుక్కుమంది. సింగపూరు వాళ్ళు రేకు కారుకని పెట్టిన ప్లాస్టిక్ పళ్ళచక్రం, అంత సీసాన్నీ నిమ్మకాయ మీదికి ఎక్కించలేక పళ్ళన్నీ రాల్చేసుకుంది. నిమ్మకాయకి మాత్రం గీత కూడా పడలేదు. వీధంతా నవ్వింది. మా మరిది కూడా నవ్వాడు గానీ, బండిని అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున చూస్తే మనిషి లేడు. పాత ఖాకీ చొక్కా కొక్కేనికి లేదు. ఎక్కడికి వెళ్ళి ఉంటాడో ఒకర్ని అడగాలా? పొయ్యి మీది పాలు దించానో లేదో గుర్తులేదు, ఆటోనగర్ వైపు పరుగెత్తాను. ఆ వయసులో, ఆ ఎండలో, చెప్పు తెగితే రెండోది కూడా అక్కడే వదిలేశాను.

యజమాని బండ్లు నిలిపే యార్డులో లారీలు గోడ వైపు మొహం పెట్టి వరసగా నిలబడి ఉన్నాయి. ఏది అతనిదో నాకేం తెలుసు? ఒకటి పొగ వదులుతూ ఊగుతోంది. దాని వెనకాలకి వెళ్ళి నిలబడ్డాను. అరవడానికి ఊపిరి లేదు. ఇంజను హోరులో అరిచినా వినపడదు. లారీ ఒక్కసారి వెనక్కి జరిగి, ఆగింది. తర్వాత ఇంజను ఆగిపోయింది.

మా మరిది దిగాడు. నా వైపు చూడలేదు. యజమాని దగ్గరికి వెళ్ళి, చుట్టూ డ్రైవర్లు వింటుండగానే అన్నాడు.

"ఓనరు గారూ, నాకు నడుం నొప్పి కాదండీ. మూర్ఛండీ. ఆ రోజు బ్రేకు మంచిగానే పట్టింది. నేనే లేను. ఇంక నా చేతికి బండి ఇయ్యకండి."

యజమాని మొహం ఎర్రగా అయిపోయింది. "ఇన్నాళ్ళూ నన్ను గుమ్మం చుట్టూ తిప్పుకుని, ఇప్పుడా చెప్పటం? ఎవరన్నా చస్తే?" అని కేకలేశాడు. కేకలేసినంతసేపూ మా మరిది చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒకరిద్దరు డ్రైవర్లు మొహాలు తిప్పుకున్నారు. మూర్ఛ అంటే మన జనానికి ఎంత ఏవగింపో తెలుసు గదా. పడిపోయినవాడి చేతిలో ఇనుముండాలని తాళాలగుత్తి పెట్టేసి, అంటుకుంటుందేమోనని దూరం జరుగుతారు.

ఇంటికి నడిచి వస్తుంటే అడిగాను, ఎందుకు దిగావని. "అద్దంలో నువ్వు కనిపించావు వదినా. వెనక్కి తీస్తే నీ మీదికే గదా రావాలి" అన్నాడు. నాలుగడుగులు వేసి, "నువ్వు దాహమేసినా పక్కకి పోయే రకం కాదు" అన్నాడు.

తర్వాత చాలా రోజులు ఆ లారీ జోలికి పోలేదు. సరిగ్గా తినలేదు. యార్డు నుంచి ఎవరూ రాలేదు. నిజం చెప్పించి మనిషిని చంపుకున్నానా అని నాకొక కొత్త బెంగ. చివరికి రేడియో షాపాయనే పాత గోడగడియారం ఇత్తడి పళ్ళచక్రాలు జేబులో వేసుకొచ్చి, బల్ల మీద పోశాడు. మా మరిది ఒకదాన్ని తీసి వెలుగుకి పెట్టి చూశాడు. ఇద్దరూ కూర్చున్నారు. ఈసారి ఉన్నదాన్ని బాగుచెయ్యడంతో ఆగలేదు. ఆ బొమ్మకారు వెనక్కి రావాలంటే వంకరగానే వచ్చేది, దాని తయారీయే అంత. పెట్టెలో ఇంకో మీట పెట్టి, బండిలో ఇంకో చిన్న మోటారు పెట్టి, తిన్నగా వెనక్కి వచ్చేలా చేశారు.

ఇత్తడి చక్రాలు బిగించిన రోజున రేడియో షాపాయన, "నిమ్మకాయలు తేనా అన్నయ్యా?" అన్నాడు.

"తే. పిండుకు తాగుదాం."

అప్పటి నుంచి సాయంత్రమయితే అరుగు మీద కూర్చుని వెనక్కి తీయడమే సాధన. రుబ్బురోలుకీ గోడకీ మధ్య బెత్తెడు మీద రెండు వేళ్ళ సందుంది. అందులోకి అటూ ఇటూ తగలకుండా వెనక్కి పంపేవాడు. నేను గుమ్మంలో నిలబడి, "గోడ, గోడ" అంటూ ఉండేదాన్ని. "నీ కళ్ళుండగా నాకు అద్దాలెందుకు వదినా" అనేవాడు. గోళీలు వేసుకున్నాడా లేదా అని రోజూ నోరు తెరిపించి చూసేదాన్ని. అయినా పోయాడు. గుండె అన్నారు గానీ, ఆ గోళీలకే గుండె పాడయిందేమో, ఆ గాల్లో కరెంటేమో, ఎవరు చెప్పొచ్చారు?

పదో రోజు యార్డు నుంచి డ్రైవర్లు వచ్చారు. భోజనాలు చేసి వెళ్ళిపోయారు. అందులో ఒకతను మాత్రం వెళ్ళలేదు. నాకు ముక్కూమొహం తెలియని మనిషి, నలభై ఏళ్ళుంటాయి. అరుగు చివర నిలబడి కండువా నలుపుతున్నాడు.

"ఏం నాయనా, మజ్జిగ కావాలా?"

"కాదమ్మా. ఆ రోజు యార్డులో నేనూ ఉన్నాను. ఆయన చెప్పింది విన్నాను." గొంతు తగ్గించాడు. "నాకూ రెండుసార్లు వచ్చిందమ్మా. మా ఆవిడకి కూడా చెప్పలేదు. ఇవాళ సరుకేసుకుని రాజమండ్రి పోవాలి. బండి ఇక్కడే ఉంది."

చెయ్యి చాపాను. అతను చాలాసేపు నా చేతి వంకే చూశాడు. తర్వాత జేబులోంచి లారీ తాళం తీసి నా అరచేతిలో పెట్టాడు. రేడియో షాపాయన అతన్ని రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు.

ధాన్యం బస్తాలతో ఆ లారీ సాయంత్రం దాకా మా సందుకి అడ్డంగా నిలబడే ఉంది. రిక్షాలవాళ్ళూ, సైకిళ్ళవాళ్ళూ వచ్చి, చూసి, ఇంకో సందులోంచి చుట్టు తిరిగి వెళ్ళారు. ఒక్కరూ బెల్లు కొట్టలేదు. బస్తాల మీద పిచ్చుకలు వాలి, గింజలు ఏరుకు తింటున్నాయి. నేను గుమ్మంలోనే కూర్చున్నాను, తాళం కొంగున ముడేసుకుని, ఆ ముడిని రెండు చేతులతో పట్టుకుని.