నల్లకారులో ఊగే ముల్లు

మొన్న సాయంత్రం మందుల కోసం బజారుకు నడిచి వెళ్తుంటే, మా సూర్యాపేట పాత రోడ్డు మీద మెకానిక్కు షెడ్డు ముందు ఎవరిదో పాతకాలపు కారు తలుపులన్నీ బార్లా తెరిచి పెట్టి ఉంది. ఎండకు కాగిన రెగ్జిను, ఎప్పుడో ఒలికి ఆరిన పెట్రోలు, తీగల మీది గుడ్డ మాడినట్టుండే ఘాటు, మూడూ కలిసిన వాసన దాని లోపలి నుంచి వచ్చి ముక్కుకు తగిలింది. ఎనభై దాటిన ముసలిదాన్ని, చేతికర్ర మీద బరువేసి అక్కడే నిలబడిపోయాను. షెడ్డులో కుర్రవాడు "ఏం గావాలె పెద్దమ్మా?" అని అడిగాడు. ఏం చెప్పను? మా నాయన కావాలని చెప్పనా?

నైజాం రాజ్యం పోయి, రోడ్ల మీద జనం మళ్ళీ భయం లేకుండా తిరగడం మొదలుపెట్టిన రోజులవి. నాకు ఏడేళ్ళుంటాయేమో. మా నాయనకు ఒక నల్లకారు ఉండేది. ఏ దొరగారో వాడినంత కాలం వాడి, మోజు తీరాక వదిలించుకున్నది. మిర్యాలగూడలో బస్సు దిగినవాళ్ళను ఎక్కించుకుని ఊళ్ళకు చేర్చే కిరాయి బండి అది. అప్పటికింకా కాలువలు రాలేదు గనుక దారి పొడుగునా జొన్నచేలు, ఆముదపు చేలు, గట్ల మీద సీతాఫలం పొదలు, వానలు వెనకబట్టాక ఎటు చూసినా పచ్చగా విరగబూసిన తంగేడు. కిరాయి లేనినాడు కారు మా వాకిట్లో ఉండేది. దాని పక్కమెట్టు మీద కూర్చుని నేనూ పక్కింటి పిల్లలూ అచ్చనగండ్లు ఆడేవాళ్ళం. మా చేతుల్లోని, రొట్టె బెల్లం కలిపి చేసిన మలీద ముద్దల నెయ్యి ఆ మెట్టుకు అంటితే నాయన అరిచేవాడు. తన స్నానం మరిచినా కారు స్నానం మరిచే మనిషి కాదు.

ఆ కారు డ్యాష్‌బోర్డులో గుండ్రటి అద్దం కింద ఒక కరెంటు మీటరు ఉండేది. కారు నడుస్తుంటే దాని ముల్లు కొంచెం కుడివైపుకు ఒరిగి నిమ్మళంగా నిలిచేది. ఆ ఏడు బతుకమ్మ పండుగ ముందు నుంచీ దానికి ఏం పుట్టిందో, ఉన్నట్టుండి అటూ ఇటూ ఊగి, దబ్బున నడిమికి పడిపోయేది. అది పడినప్పుడల్లా ఇంజను ఒకసారి దగ్గి, లైట్లు గుడ్డివై, మళ్ళీ తేరుకునేవి. ఒకసారైతే మిర్యాలగూడ దారిలో పెళ్ళివాళ్ళతో సహా ఆగి, వాళ్ళు దిగి తలో మాటా అన్నాక కదిలిందట.

నాయన పండుగ పూట కూడా కారు కిందే పడుకున్నాడు. బ్యాటరీ కొసలు గీకాడు, డైనమో బెల్టు బిగించాడు. చిన్న బల్బుకు రెండు తీగలు కట్టి, ఒక కొస కారు ఇనుముకు ఆనించి, రెండోది ఒక్కో జాయింటుకు తాకించి చూసేవాడు. వెలిగితే అక్కడిదాకా కరెంటు వచ్చినట్టు. మా వాకిట్లో ఆ బల్బు అన్నిచోట్లా వెలిగేది, ముల్లు ఎంతో బుద్ధిగా నిలబడేది. బయటికి పోతేనే దాని వేషాలన్నీ. డ్యాష్‌బోర్డు విప్పితే ఏ తీగ ఎక్కడిదో మళ్ళీ అతికించలేనని జంకి, "మీటరే ముసల్దయింది" అని తేల్చేసి ఊరుకున్నాడు.

ఇంతలో కోదాడ నుంచి రాజ్యమ్మత్తను పురుటికి తీసుకురావలసిన రోజు వచ్చింది. రాజ్యమ్మత్త మా నాయన చెల్లెలు. అంతకు ముందు కాన్పుకు ఎడ్లబండిలో వస్తుంటే దారి కుదుపులకు నొప్పులొచ్చి, ఇల్లు చేరేలోపే బిడ్డ పోయింది. ఆ దుఃఖం మా నాయనమ్మను తినేసింది. ఈసారి తన కూతురు కారులోనే రావాలని పట్టుబట్టింది. నాయన, నాయనమ్మ, అత్తకు తోడుగా నేను, పొద్దున్నే బయల్దేరాం. కోదాడలో రాజ్యమ్మత్త అత్తగారు ఆంధ్రా యాస కలిసిన మాటతో "కుదుపుల్లేకుండా నెమ్మదిగా తీసుకెళ్ళండి వదినా" అని పదేపదే చెప్పి పంపింది. అత్త కొంగున చింతపండు ముడి వేసుకుని, వెనక సీట్లో కూర్చుని చప్పరిస్తూ ఉంది.

మునగాల దాటాక అత్త ముఖం మారింది. పొట్ట పట్టుకుని నా చెయ్యి నలిపేసింది. సరిగ్గా అప్పుడే ముల్లు ఊగింది, పడింది, కారు ఆగింది. ఈసారి తేరుకోలేదు. నాయన దిగి హ్యాండిలు తిప్పీ తిప్పీ చెమటతో తడిసిపోయాడు. రోడ్డు మీద మనిషి లేడు, బండి లేదు.

"అన్నా, గీ బిడ్డ సుత పోతదా?" అంది అత్త.

నాయన ఆ తీగల బల్బు తీశాడు. మీటరుకు ఒక పక్కన వెలిగింది, రెండో పక్కన వెలగలేదు. కారులో కరెంటంతా ఆ మీటరు గుండానే పోవాలి. అది అక్కడే తెగిపోతోంది. బ్యాటరీ తీగ ఊడదీసి, జంకు గింకు పక్కనపెట్టి డ్యాష్‌బోర్డు విప్పాడు. వెనక, మీటరు నట్టుకు కట్టిన దారానికి, వడలిపోయిన నిమ్మకాయా రెండు మిరపకాయలూ వేలాడుతున్నాయి. నిమ్మరసం దారం వెంబడి పైకి ఎగబాకి ఇత్తడి నట్టంతా పచ్చగా చిలుము పట్టింది.

"గిదేందే అమ్మా?"

"నువ్వు ముందల కట్టనిస్తివా? తెంపి పారేస్తివి. గందుకే నువ్వు లేంది జూసి కిందికెల్లి చెయ్యి పెట్టి లోపల కట్టిన," అంది నాయనమ్మ. "నా బిడ్డ ఎక్కే బండి గదరా, దిష్టి తగల్దా?"

నాయన నోరు తెరిచాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది. "తిట్టేదుంటే ఇంటికి పోయినంక తిట్టు. జర పక్కకు జరుగు. ఇత్తడి తోముడు నీకేం వస్తది?"

నాయనమ్మ అత్త కొంగుముడి విప్పి చింతపండు తీసుకుంది. పూజ సామాన్లు తోమినట్టే, కిందామీదా ఎక్కడా వదలకుండా ఆ నట్టునూ తీగ కొసనూ రుద్దింది. మరచెంబులో నీళ్ళతో కడిగి, చీర చెంగుతో తడి లేకుండా ఒత్తింది. తోముతున్నంతసేపూ ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. నాయన నట్టు బిగించి, బ్యాటరీ తీగ తగిలించి, హ్యాండిలు తిప్పాడు. ఇంజను గుర్రుమంది. ముల్లు లేచి నిలబడింది. సూర్యాపేట దాకా మేమెవ్వరం దాని మీది నుంచి చూపు తిప్పలేదు.

దీపాలు పెట్టే వేళకు ఇంట్లో ఆడపిల్ల పుట్టింది. ఏడుపు వినబడగానే వాకిట్లో నాయన కారుకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తిట్టడం ఆయనకు గుర్తే లేదు. ఆ శనివారం తానే నిమ్మకాయ తెచ్చి, తీగలకు దూరంగా ముందు బంపరుకు కట్టి, "ముడి మంచిగ పడ్డదా సూడే అమ్మా" అని పిలిచాడు.

ఆ కారు తరవాత ఎవరి చేతికి పోయిందో తెలియదు. ఇప్పటి కార్లలో ముల్లూ లేదు, విప్పి చూసుకోవడానికి నట్టూ కనబడదు. కోదాడ రోడ్డు ఎంత వెడల్పయిందంటే, ఆనాడు మేము ఆగిపోయిన చోటు ఇదీ అని చూపించలేను. అప్పుడు పుట్టిన పిల్ల మిర్యాలగూడలో మనవలతో ఉంటోంది. ఫోను చేసినప్పుడల్లా "వదినా, నేను పుట్టిన నాటి ముచ్చట మల్లొకపారి జెప్పవే" అంటుంది. నాయన లేడు, నాయనమ్మ లేదు, అత్త పోయి కూడా ఏళ్ళు గడిచాయి. ఆ మధ్యాహ్నం ఆ కారులో ఉన్నవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనూ, అప్పటికింకా కడుపులో ఉన్న అదీ. అందుకే ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా మొదటి నుంచీ చెబుతాను. నేను మానేస్తే దానికి చెప్పేవాళ్ళు లేరు.