ఎర్ర గడల ముందు నా డీఎన్ఏ పాఠం

డిగ్రీ మొదటి ఏడాది చదివే ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లోకంలో లేదు. తర్వాత ఏటికింత తగ్గుతూ వచ్చి ఇప్పుడీ స్థాయికి దిగాను. అప్పుడు బోధన్ పక్కన మాకు చెరుకు ఉండేది. నాటే ముందు గడల్ని ముక్కలు నరికి, కోసిన చోట తెల్లగుంటే విత్తనానికి, ఎర్రగుంటే మంటలోకి వేసేవాళ్లు. ఆ ఎరుపు కనిపెట్టడంలో మా బాపు కళ్లకు ఎంత పేరంటే, ఊరంతా విత్తనపు గడలు తెచ్చి ఆయనకు చూపించుకునేది. ఆ ఏడాది సగం ముక్కలు మంట పాలవుతున్నాయి, సగం చేను బీడు పడేట్టుంది. సరిగ్గా అప్పుడే నేను నిజామాబాద్ కాలేజీ నుంచి సెలవులకు దిగాను.

"ఆగు బాపూ! కణం రెండయ్యేటప్పుడు డీఎన్ఏ పోగులు విడిపోయి, దేనికది కొత్త జత అల్లుకుంటది. తప్పు పడితే కణమే దిద్దుకుంటది, గీ ఎరుపు గూడ గట్లనే పోతది. తల్లి గడ తియ్యగుంటే పిల్ల గడ గూడ గంతే."

"మరి గా డీఎన్ఏ వచ్చి పని చెప్తదా?"

"అది కదలది. తన మాటకు నకలు తీసి, ఆర్ఎన్ఏ అని చీటీ పంపుతది."

"అంటే పట్వారీ లెక్క. ఊరి భూముల లెక్కల కాడ కూసొని నకలు రాసి పంపుతడు," అన్నాడు బాపు. (ఇంతకన్నా మంచి ఉదాహరణ మా పుస్తకంలోనూ లేదు.)

గడలు నరికే చాచా ఒక ఎర్ర ముక్కను వాసన చూశాడు. "కల్లు వాసనొస్తున్నది బేటీ. మీ చీటీల గిది గూడ రాసిండ్రా?"

"చక్కెర పులిస్తే వాసన రాదా చాచా? సదువుకున్నది నువ్వా, నేనా?" అన్నాను. (ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ చెవులు కాలతాయి.) బాపు, "కాలేజీల చెప్పిండ్రంటే నిజమే ఉంటది," అని ఎర్ర ముక్కల్ని విత్తనం కుప్పలోకి నెట్టాడు.

వానలు తగ్గేసరికి చేను నిలువునా ఎండింది. చీల్చిన ప్రతి గడా లోపల ఎర్రగా కుళ్లి ఉంది. ఎరుపంటే బూజు తెగులు. దానికీ డీఎన్ఏ ఉంటుంది, అదీ తప్పులు దిద్దుకుంటూ చెరుకంత శ్రద్ధగానే నకళ్లు తీసుకుంటుంది. నేను చెరుకు తరఫున మాత్రమే వాదించాను. చేనుకు నిప్పు పెట్టాం. కోతకు గడ లేక చాచా మహారాష్ట్ర పనులకు పోయాడు. అడిగినవాళ్లందరికీ బాపు ఒకటే చెప్పాడు: "సూపు మందమైంది అన్నా, ఎరుపు కానరాలే." ఆ తర్వాత ఆయనకు చూపించడానికి ఎవరూ గడ తేలేదు.

ఇప్పుడు నిజామాబాద్ కంఠేశ్వర్‌లో పిల్లలకు ఇదే పాఠం చెబుతూ, "బూజు కూడా ఇంతే శ్రద్ధగా చేస్తుంది," అని కలుపుతాను. "పరీక్షల వస్తదా మేడమ్?" అంటారు. "నాకొచ్చింది, తప్పాను," అంటే క్లాసంతా నవ్వుతుంది. ముక్కల కుప్ప పక్కన చెయ్యి ఊపుతూ వాదించే ఆ రెండు జడల పిల్ల కళ్ల ముందుకొచ్చి నేనూ నవ్వుతాను. మా బాపు పోయేదాకా సూదిలో దారం తనే ఎక్కించుకున్నాడన్న సంగతి మాత్రం వాళ్లకు చెప్పను.