కారుకు పలుపు

డిగ్రీలో నేను చదివింది చరిత్ర. అనంతపురంలో చరిత్ర చదివినవాడికి రెండు దారులుండేవి: బి.ఎడ్. చేయడం, లేదా బి.ఎడ్. చేస్తానని ఇంట్లో చెబుతూ ఉండడం. నేను రెండో దారిలో కొన్నేళ్ళు నడిచి, చివరికి గడియారం స్తంభం దగ్గర ఒక సందులో నాలుగు కంప్యూటర్లతో ఇంటర్నెట్ సెంటర్ పెట్టాను. నాలుగింట్లో మూడు పనిచేసేవి, కరెంటున్నప్పుడు.

అవి రెండువేల సంవత్సరం దాటాక వచ్చిన కరువులు. దాటకముందు వచ్చినవి వేరే. వజ్రకరూరు వైపు నాలుగు చినుకులు పడితే జనం చేలల్లో వంగి వజ్రాలు వెతుక్కుంటారు. మాకు చినుకులు లేవు కాబట్టి నేను ఖాళీ వేళల్లో వేలం సైట్లు వెతుక్కునేవాణ్ణి. ఎక్కడెక్కడి వాళ్ళో తమ అటకల మీది సామాన్లు అందులో పెడితే, ఇంకెక్కడి వాళ్ళో వాటికోసం పోటీపడేవారు. నేను కూడా మా ఇంట్లోని మూగబోయిన వాల్వు రేడియోను అలా పుణెలో ఒకాయనకి అమ్మాను. పాడైన రేడియోను, అదీ పాడైందని చెప్పి మరీ అమ్మినవాడిగా బంధువుల్లో నాకు కొంత పేరొచ్చింది. డిగ్రీకి రాని పేరు.

ఆ పేరు బెళుగుప్ప దాకా పోయి మా పెదనాయనను బస్సెక్కించింది. ఆయన మా నాయనకు అన్న. భుజం మీద తువ్వాలతో సెంటర్లోకి వచ్చి, కుర్చీలోని దుమ్ము దులిపి, కూర్చోకుండా నిలబడ్డాడు.

"ఏమిరా, నెట్టులో యాలం పాట పెడ్తాండావంట?"

"రేడియో ఒకటి అమ్మితి పెద్నాయనా."

"కారు అమ్ముతావా?"

"ఏ కారు?"

"మనకేమన్నా కార్లు వరసగా నిలబడుండాయా? కొట్టంలో ఉండేదే."

ఆ కారు మా తాతది. బంగారు గనుల్లో పనిచేసిన ఒక ఇంగ్లీషు దొర దేశం వదిలిపోతూ అమ్మితే కొన్నాడు. నల్లగా, గుండ్రటి దీపాలతో, ముక్కు చివర రెక్కలు చాపిన అరచేతంత ఉక్కు పక్షితో ఉంటుంది. నా చిన్నతనానికే అది నడవడం మానేసింది. అయినా పెదనాయన ప్రతి దసరాకూ దానికి బొట్టు పెట్టి, టెంకాయ కొట్టేవాడు. కొట్టంలో దాని పక్కన కట్టేసిన ఎద్దులకు ఎంత మర్యాదో దానికీ అంతే.

"ఎందుకు పెద్నాయనా ఇప్పుడు?"

"చీనీ చెట్లు ఆకు ముడుచుకుంటాండాయి," అన్నాడు. బత్తాయిని మా వైపు చీనీ అంటాం. ఏడేళ్ళు బిడ్డల్లా సాకిన తోట, కాపుకొచ్చిన రెండో ఏడే బావి ఎండింది. కొన్నాళ్ళు ట్యాంకర్లతో నీళ్ళు తోలాడు. ఇక బోరు వేయాలి. "వైశాఖం దాటితే చెట్టు చెట్టే ఉండదు. కట్టె అయితాది. అంతలోపల అమ్మల్ల."

ఆ తర్వాతే కూర్చున్నాడు.

మరుసటి ఆదివారం ఫొటో స్టూడియో స్నేహితుడి డిజిటల్ కెమెరా తీసుకుని ఊరికి వెళ్ళాను. కొట్టంలో కారు మీద కాస్తంత శనక్కట్టె, అదే ఎండిన వేరుశనగ తీగ, దాని మీద కోళ్ళు. గోడకున్న మేకుకు రెండు పాత పలుపుతాళ్ళు వేలాడుతున్నాయి. కిందటేడు మేత లేక పెదనాయన ఎద్దుల జతను సంతలో అమ్మేశాడు. మా వైపు ఎద్దునమ్మితే పలుపు ఇవ్వరు. కొన్నవాడు కొత్త తాడు తెచ్చుకుని కట్టుకోవాలి. పాతది ఇంటికి తెచ్చి మేకుకు తగిలిస్తారు, పశుసంపద మళ్ళీ ఇంటికి రావాలని. ఆ తాళ్ళను చూసి నేను జాలిపడ్డాను. అంతకన్నా కొంచెం ఆలోచించి ఉంటే బాగుండేది.

కారు తనంతట తాను కదలదు. పక్కింటి వాళ్ళ ఎద్దుల కాడికి మా లావాటి మోకుతాడు కట్టి, దాని రెండో కొసను కారు ముందు ఇరుసుకు ముడేసి, ఎండలోకి లాగించాం. ఎద్దులు ఒకసారి వెనక్కి తిరిగి చూసి, ఇక చూడలేదు.

బయటికి రాగానే పెదనాయన ఒక ఎర్ర పెయింటు డబ్బా తెరిచాడు.

"పెద్నాయనా, అదెందుకు?"

"కొమ్ములు చెక్కకుండా, రంగు పూయకుండా ఎద్దును సంతకు ఎవురన్నా తోలుకపోతారా?"

"వద్దు. ఇట్లా పాత కార్లు కొనేవాళ్ళకు పాత రంగే కావల్ల. దుమ్ము కూడా ఉంటే మంచిదే."

ఆయన బ్రష్షు పట్టుకుని నన్ను కాసేపు చూశాడు. "దుమ్ముకు గూడా దుడ్లిస్తారా? మల్ల కారొక్కటే ఏల? జిల్లా అంతా యాలంలో పెట్టు."

పెద్దమ్మ నవ్వి, డబ్బా మూత వేసింది. నేను నలభై ఫొటోలు తీశాను. పక్షిని నాలుగు వైపుల నుంచీ తీశాను. తర్వాత నలుగురం కలిసి కారును వెనక్కి కొట్టంలోకి తోశాం. వేలం ప్రకటనలో నాకున్న ఇంగ్లీషంతా పెట్టి, "ఇంజను నడవదు. పక్షితో సహా తక్కినవన్నీ అసలువే" అని రాశాను. జీవితంలో నేను రాసిన వాటిలో పూర్తి నిజం అదొక్కటే అనుకుంటాను. పన్నెండు రోజుల పాటు అది నిజంగానే ఉంది.

వేలం ఏడు రోజులు. ఇంతకు తక్కువైతే అమ్మబోమనే ధరను ముందే చెప్పాలని, పాడేవాళ్ళకు అది కనపడదని పెదనాయనకు వివరించాను. అందులో ఆయనకు అర్థంకానిదేమీ లేకపోయింది. సంతలో బేరం తువ్వాల కిందే జరుగుతుంది. దళారీ, రైతూ తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. పక్కనున్నవాళ్ళకు తువ్వాల కదలడం మాత్రం కనిపిస్తుంది. పెదనాయన చుట్టూ చూశాడు. మూడో కంప్యూటర్ దగ్గర పరీక్షా ఫలితాలు చూసుకుంటున్న ఒక అమ్మాయి తప్ప ఎవరూ లేరు. అయినా తువ్వాల తీసి నా చేతి మీద కప్పి, కింద వేళ్ళు నొక్కాడు. ఒక బోరు, ఒక మోటారు, పైపులు. ఆ వేళ్ళలో అంతకన్నా ఆశ లేదు. నేను తువ్వాల కిందినుంచి చెయ్యి తీసి ఆ అంకె టైపు చేశాను.

ఏడు రోజులూ ఆయన పొద్దున బస్సుకొచ్చి సాయంత్రం బస్సుకు పోయాడు. మొదటి రెండు రోజులు ఎవరూ పాడలేదు. మూడోరోజు ఒకాయన పాడాడు, ఆయనకి పోటీగా ఇంకొకాయన. పేర్లుండేవి కావు, అక్షరాలూ అంకెలూ కలిసిన మారుపేర్లు.

"ముఖాలు కనపడకుండా పాడేదేమి పాట? వాని కన్ను చూస్తే గదా ఎంత దూరం వస్తాడో తెలిసేది," అన్నాడు పెదనాయన.

"వాళ్ళకూ మన ముఖాలు కనపడవు పెద్నాయనా."

"అదొకటి మేలే."

చివరి రోజు మధ్యాహ్నం, ఇంకో అరగంటలో ముగుస్తుందనగా, ధర మా అంకెకు బాగా కిందనే ఉంది. అప్పుడు కరెంటు పోయింది. పాట ఇక్కడ జరగడం లేదని, కంప్యూటర్ ఆరినా అది నడుస్తూనే ఉంటుందని చెప్పాను. ఆయన నమ్మలేదు. లేచి, చల్లారిన తెర ముందు కాసేపు నిలబడి, "ఆకు రాలేది మొదలుపెట్టినాయిరా," అన్నాడు. గంట తర్వాత కరెంటొచ్చింది. చూస్తే ఎవరో ఇద్దరు చివరి పది నిమిషాల్లో కొట్టుకున్నంత పని చేశారు. ధర మా అంకెను దాటి ఒక మెట్టు పైన ఆగింది.

"మనం చూడకుంటేనే బాగ పాడినారు గదరా," అన్నాడు పెదనాయన. తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. చెమటకే అయ్యుంటుంది.

గెలిచినాయన బెంగళూరులో రిటైరైన ఇంజనీరు. ఐదు రోజుల తర్వాత ఒక లారీ, ఇద్దరు కూలీలు, చేతిసంచిలో డబ్బుతో వచ్చాడు. నేను బెళుగుప్ప బస్టాండులో ఎక్కి ఇంటికి దారి చూపించాను. ఆ రోజుకే ఊళ్ళోకి బోరు బండి వచ్చి ఉంది. పక్క చేనులో తవ్వుతున్న చప్పుడు మా కొట్టం దాకా వినిపిస్తోంది. మరునాడు మాది వేస్తామని మాటిచ్చారు. మేం డబ్బు కట్టలేమంటే బండి పొద్దున్నే వేరే ఊరికి పోతుంది. ఆ ఎండాకాలం బోరు బండి కోసం కాచుకోని ఊరు లేదు. ఒకసారి పోతే తిరిగి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు.

ఇంజనీరు కారు చుట్టూ మెల్లగా ఒక ప్రదక్షిణం చేశాడు. తలుపు తెరిచి సీటు వాసన చూశాడు. ఆయన కళ్ళు చిన్నపిల్లాడి కళ్ళయ్యాయి. బెంగళూరులో చిన్నప్పుడు వాళ్ళ వీధిలో ఒక డాక్టరుకు ఇలాంటిదే ఉండేదట. తర్వాత ముందుకొచ్చి నిలబడ్డాడు. కళ్ళు మళ్ళీ ఇంజనీరువయ్యాయి.

"పక్షి ఎక్కడ స్వామీ?"

కారు ముక్కు బోసిగా ఉంది. రెండు స్క్రూల గుంటలున్నాయి, అంతే. నేను పెదనాయనను చూశాను. పెదనాయన గోడను చూశాడు. నేనూ గోడను చూశాను. మేకు మీద రెండు పలుపుతాళ్ళు, వాటి మధ్య గుడ్డపేలికతో కట్టిన ఉక్కు పక్షి.

"పెద్నాయనా, అది కారుతో పోవల్ల."

"ఎట్ల పోతాదిరా? ఎద్దును ఇస్తాం గానీ పలుపు ఇస్తామా?"

"నేను ఉందని రాసినాను!"

"రాసేముందు నన్నడిగితివా?"

ఇంజనీరుకు నేను పలుపు సంగతి చెప్పాను. ఆయన మర్యాదగా విన్నాడు. "ఆచారం నాకు అర్థమవుతుంది స్వామీ. కానీ కారు ఇంకెక్కడైనా దొరుకుతుంది, ఆ పక్షి దొరకదు. నేను పాడింది దాని కోసమే. అది లేకుండా నాకు వద్దు." కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే పెదనాయనకు సులువయ్యేది.

కూలీలు లారీ నీడలో కూర్చున్నారు. బోరు బండి చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది. పెదనాయన తువ్వాల తీసి మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

"మా నాయన చేతిది సార్ అది," అన్నాడు. "నాకూ ఇయ్యాలనే ఉండాది. ఇచ్చినాక ఇంట్లోకి మల్ల ఏదీ రాకపోతే? పోయినేడు ఎద్దులు పాయ. బావి పాయ. ఈ పొద్దు కారు. ఏదో ఒకటి మేకుకన్నా ఉండల్ల గదా."

జోకు వేయడం నా వృత్తి లాంటిది, ఆ పూట దానికి సెలవు పెట్టాను.

అప్పుడు తోటలోంచి పెద్దమ్మ వచ్చింది. కొంగులో రాలిన చీనీ పిందెలు. విషయం విని, వాటిని అరుగు మీద గుమ్మరించింది. గోలీలంత కూడా లేవు.

"ఏమప్పా, పలుపంటే ఏంది?" అంది మొగుణ్ణి.

"ఏందంటే? పలుపే."

"మనం మెడకు కట్టింది పలుపు. ఇంటికి తోలుకొచ్చినప్పుడే ఉండేది కొమ్ము. ఆ పిట్ట దొర కాడి నుంచే ముక్కు మీద వచ్చింది. కొమ్ములు కోసుకుని ఎద్దునమ్మే మొగోన్ని నిన్నే చూస్తిని."

"మల్ల దీనికి మనం కట్టింది ఏముండాది?"

పెద్దమ్మ కారు కింద చూపించింది. ఫొటోల రోజు ఎద్దులతో లాగించిన మోకు ఇంకా ముందు ఇరుసుకే ఉంది. విప్పడం ఎవరికీ గుర్తులేదు. కొస మట్టిలో పొర్లుతోంది.

పెదనాయన ఆ మోకును చూశాడు. పిందెలను చూశాడు. తర్వాత నేల మీద వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరాడు. ముడి బిగుసుకుపోయింది. ఇంజనీరు కూడా తెల్ల ప్యాంటుతో మోకాళ్ళ మీద కూర్చుని దీపం పట్టాడు. చాలాసేపు పట్టింది. అందులో ఎంతసేపు ముడికి పట్టిందో నేను అడగలేదు. బయటికి వచ్చేసరికి పెదనాయన జుట్టు నిండా దుమ్ము, చేతిలో మోకు. దాన్ని చుట్ట చుట్టి, మేకు దగ్గరికి పోయి, పక్షిని తీసి, మోకును తగిలించాడు. పక్షిని తువ్వాలతో తుడిచి ఇంజనీరు చేతిలో పెట్టాడు.

"మీరు కొత్త తాడు తెచ్చుకోండి సార్."

"లారీలో ఉంది స్వామీ," అన్నాడు ఇంజనీరు. నిజంగానే కొత్త నైలాను తాడు తెచ్చుకున్నాడు. పెదనాయన ముఖం అప్పుడు తేటపడింది.

మరునాడు బోరు వేశారు. నీళ్ళు పడ్డాయి. ఎగజిమ్మలేదు, పొంగలేదు, పడ్డాయి. తూర్పు వైపు చెట్లు దక్కాయి, పడమటి వైపువి పొయ్యిలోకి పోయాయి. సగం తోట దక్కితే మా జిల్లాలో దాన్ని నష్టం అనరు.

ఏడాది తిరక్కుండా ఇంజనీరు నాకు ఒక ఫొటో పంపించాడు. బెంగళూరులో ఏదో పాత కార్ల ఊరేగింపు, అందులో మా కారు తనంతట తాను నడుస్తోంది, ముక్కు మీద పక్షితో. పెదనాయనకు కబురు పెడితే ఆ రోజే వచ్చాడు. చంకలో చీనీకాయల సంచి. బెంగళూరు బస్సు కండక్టరుకిచ్చి ఆ సార్‌కు పంపించమన్నాడు. తెరకు దగ్గరగా వంగి చాలాసేపు చూశాడు. దీపాలు, చక్రాలు, మెరిసే నలుపు.

"మేత బాగ పెడ్తాండాడురా," అన్నాడు.